చిలక ఎక్కిన కాగితం రైలు

"హసీనాబీ ఇంట్లో డబ్బాలు చేస్తాండాది" అని నేనంటే, మగ్గాల చప్పుడులో మా షావుకారు ఈశ్వరప్పకు "డబ్బులు" అని వినబడింది. దొంగనోట్లేమోనని, మా వీధిలో పోయే పరిగి బస్సు కంటే ముందు వాళ్ళింటికి పరిగెత్తాడు. తీరా చూస్తే కాగితం డబ్బాలు.

డెబ్బై ఎనిమిది నాటి మాట. ధర్మవరంలో నేను ఆయన దగ్గర కూలిమగ్గం నేసేవాణ్ణి. హసీనాబీ మొగుడు హజరత్‌వలి ఆయనకే చీర అంచులను గళ్ళకాగితం మీదికి ఎక్కించేవాడు. ఎవరో గీసినదానికి నకలు తీయడమే అతని పని. సొంత అంచు ఒక్కటైనా చీరకెక్కాలని అతని ఆశ. "ఒక్కటి నచ్చనీ, ఇంగ నీ గీతలే నేయిస్తా" అని షావుకారు మాటిచ్చాడు. వలి మూడు నెలలు కూర్చుని, పెద్ద కాగితం నిండా అదే చిలకనూ తీగనూ మళ్ళీ మళ్ళీ గీశాడు.

"చిలక యాడుందప్పా? కోడి మాదిరి ఉండాది, పో!" అన్నాడు ఈశ్వరప్ప.

ఆ కాగితాన్నే హసీనాబీ చదరాలుగా చించింది. మూలకు మూల మడిచి, కొసలు లోపలికి దోపి, సందులో ఉఫ్‌మని ఊదితే డబ్బా లేచేది. పట్టుదారంతో వరసగా కూర్చితే రైలు, ఒకదానిమీదొకటి నిలబెడితే గోపురం. పెనుకొండ ఉరుసులో అమ్ముకునేది.

దొంగనోట్లకని పోయిన ఈశ్వరప్ప అక్కడ ఒక రైలును తిప్పి తిప్పి చూశాడు. మడతల్లో చిలక తల ఒక డబ్బాకు, తోక ఇంకో డబ్బాకు పోయి, తీగ మెలిక తిరిగి, ఎక్కడా లేని అంచు పుట్టింది. "మనవరాలికి" అని కొన్నాడు. డబ్బాకు ఆరు ముఖాలు, మా షావుకారుకు రెండే. అయినా గెలుపు ఆయనదే.

గుమాస్తా చేత ఆ రైలు బొమ్మను గీయించి, బెంగళూరు నమూనా అని చెప్పి వలికే ఇచ్చాడు. నకలు తీసేవాడు బొమ్మను చూడడు, గళ్ళు లెక్కపెడతాడు: నాలుగు నలుపు, రెండు తెలుపు, మళ్ళీ నలుపు. వలి తన చిలకను తానే గడి గడిగా దించి, నకలు కూలి తీసుకున్నాడు. దాన్ని నేసింది నేను. నాకూ తెలియలేదు.

చీర బాగా అమ్ముడుపోయింది. హిందూపురం వ్యాపారులు అంగట్లో కూర్చుని మెచ్చుకుంటుంటే, ఈశ్వరప్ప "బెంగళూరు పనప్పా!" అని డబ్బా కొట్టుకుంటున్నాడు. వలికి అన్నం తెచ్చిన హసీనాబీ ఆ చీర చూసి ఆగిపోయింది. గబగబా ఇంటికి పోయి, అదే కాగితంతో చేసిన ఇంకో రైలు తెచ్చి అంచు పక్కన పెట్టింది. తర్వాత ఒక్కో డబ్బా విప్పి చదరాలు పేర్చింది. నలిగిన చిలక నిండుగా కనబడింది.

"బెంగళూరూ కాదు, ఏ ఊరూ కాదు సావుకారూ! ఇది మా ఇంటాయన గీసింది. నేను మడిస్తే ఇట్లయింది. మీరు చీరకెక్కించినారు."

అందరూ వలి వైపు తిరిగారు.

"గళ్ళు లెక్కపెట్టినానప్పా... చిలకను చూడలేదు" అన్నాడు వలి.

ఈశ్వరప్ప ముఖం మారలేదు. "ఔ, ఆయప్ప చిలకే. గీసింది గీసినట్లు నేస్తే ఎవురు కొంటారు? మడిచినాక గదా బాగయింది! నకలుకు కూలిచ్చినా, రైలుకు దుడ్లిచ్చినా. ఇంగేం మడతపేచీ?"

వ్యాపారులు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను, మగ్గం ఆయనది కదా. ఈశ్వరప్ప అటక మీదనుంచి ఒక కట్ట దించాడు. అన్నీ వద్దని పక్కన పడేసిన వలి గీతలే.

"ఇవీ మడిచి తేమ్మా" అన్నాడు.

హసీనాబీ చెయ్యి చాపలేదు. తీసుకున్నది వలి.