గడియారం సెల్లులు

పదకొండింటికి సర్వేయర్లు బోరు దగ్గరికి వస్తారు. అప్పటికే తొమ్మిది దాటింది. జయరాం అరుగు మీద కూర్చోలేకపోయాడు, లోపల నిలబడలేకపోయాడు. వాకిలి నుంచి ఇనప్పెట్టె దాకా, ఇనప్పెట్టె నుంచి వాకిలి దాకా తిరుగుతూనే ఉన్నాడు.

పొలం దస్తావేజు ఆ పెట్టెలో ఉంది. పక్క పొలం వాడు హద్దు రాయిని రెండు గజాలు జరిపాడు. ఆ రెండు గజాల్లోనే నీళ్లు పడిన బోరు ఉంది. ఆ ఊరి చుట్టూ వేసిన బోర్లలో సగానికి పైగా దుమ్ము కక్కినవే. కాగితం చూపించకపోతే ఉన్న ఒక్క బోరూ పరాయిదవుతుంది.

అది సెల్లులతో నడిచే పెట్టె. తెరవాలంటే ఆరంకెలు నొక్కాలి. మూడు జయరాంవి, మూడు తమ్ముడు నాగేశ్వరవి. అది వాళ్ల నాయన కుళ్లాయప్ప చేసిపోయిన ఏర్పాటు. కొడుకులు ఎలాంటివాళ్లో ఆయనకు తెలుసు. పోయే ముందు పెద్దవాడి చెవిలో ముందు మూడూ, చిన్నవాడి చెవిలో వెనక మూడూ చెప్పాడు. ఒకడు నొక్కేటప్పుడు ఇంకొకడు గోడ వైపు తిరిగి నిలబడాలని ఇద్దరి చేతా ఒట్టు వేయించుకున్నాడు. పెట్టెతో వచ్చిన తాళంచెవి ఎక్కడ పోతుందోనని దాన్ని కూడా పెట్టె లోపలే పెట్టి మూశాడు. అంత జాగ్రత్త మనిషి.

రెండేళ్లుగా ఆ పెట్టె తెరుచుకోలేదు. రెండేళ్లుగా నాగేశ్వర ఈ గడప తొక్కలేదు. జయరామే తొక్కనివ్వలేదు.

రెండేళ్ల కిందట ఒక పొద్దున జయరాం భార్య ఆంజినమ్మ కడుపు పట్టుకుని మంచం మీద పడింది. ఉన్నపళంగా బళ్లారి తీసుకుపోవాలన్నారు. చేతిలో ఏమీ లేదు. ఆమె గొలుసు, గాజులు ఈ పెట్టెలో ఉన్నాయి. నాగేశ్వర తాడిపత్రిలో బండలు ఎత్తే లారీ మీద ఉన్నాడు. జయరాం ఫోను చేసి మూడంకెలు అడిగాడు. వాడు చెప్పాడు. నొక్కితే పెట్టె తెరుచుకోలేదు. మళ్లీ ఫోను చేశాడు. అవే అంకెలు చెప్పాడు. మళ్లీ నొక్కాడు. నలభై సార్లు నొక్కి ఉంటాడు. గడ్డపారతో పొడిచాడు. రెండు గంటలు అలా పోయాయి. ఆఖరికి ఉత్త చేతులతో ఆటో ఎక్కించాడు. బళ్లారి ఇంకా ఆరు మైళ్లుండగా ఆమె ప్రాణం పోయింది.

నగలు చేయి దాటిపోతాయని తమ్ముడు తప్పు అంకెలు చెప్పాడు. జయరాం రెండేళ్లుగా తిన్నది, తాగింది ఈ ఒక్క మాటే.

బయట బండి ఆగింది. గుత్తి నుంచి జాకబ్ వచ్చాడు. బీరువాలు, ఇనప్పెట్టెలు బాగుచేసే మనిషి.

"ఏమప్పా, నేను బండి దిగకముందే అట్ల చూస్తాండావు? నేనేమన్నా డాక్టరునా?"

"డ్రిల్లు తెచ్చినావా?"

"తెచ్చినా. తొలుతే బొక్క పెట్టను. బొక్క పడిందంటే ఇది జొన్నలు పోసుకోను కూడా పనికిరాదు. నంబరు తెలుసునా?"

"నా మూడు తెలుసు."

"తక్కిన మూడు?"

"ఒక అబద్ధాలకోరు కాడ ఉండాయి."

"ఎవరాయప్ప?"

"నా తమ్ముడు."

జాకబ్ సంచి కింద పెట్టి నవ్వాడు. "తమ్ముడయితే పిలువు. ఇద్దరి పెట్టె నీ ఒక్కని మాట మీద పగలగొడితే, రేపు ఆయప్ప నా మీద స్టేషనుకు పోతాడు. నాకూ పెండ్లాం బిడ్డలు ఉండారు."

"నేను పిలవను."

"ఫోను నంబరు చెప్పు. నేను పిలుస్తా. నాకేం రోషం లేదు."

నాగేశ్వర పక్క వీధిలోనే ఉంటాడు. అయిదు నిమిషాల్లో బండి మీద వచ్చి గడప బయట నిలబడ్డాడు. తల సగం నెరిసింది. జయరాం అది ఇప్పుడే చూశాడు.

"లోపలికి రాప్పా," అన్నాడు జాకబ్.

"పిలిచినోడివి నువ్వు. ఇల్లు నీది కాదు కదా."

జయరాం గోడతో చెప్పినట్టు చెప్పాడు. "బోరు పోతే నీదీ పోతాది. వస్తే రా."

నాగేశ్వర చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. ఒక మూలన నిలబడ్డాడు. జయరాం వాకిలి దాకా పోతూ వస్తూనే ఉన్నాడు. జాకబ్ పెట్టె ముందు గొంతుక్కూర్చుని అంకెల పలక కింద ఉన్న చిన్న మూత లాగాడు. సెల్లులు తెల్లగా పొక్కి ఉన్నాయి.

"ఇవి ఏసిన మహానుభావుడు ఎవరు?"

"నేనే," అన్నాడు జయరాం.

"ఎప్పుడు?"

"ఆమె పోయిన దానికి నెల ముందర. రెండు అంగట్లో తెస్తి. రెండు గోడ గడియారంలో నుంచి తీసి ఏస్తి. గడియారం బాగనే తిరుగుతాండె."

"అన్నా, నీకు రెండు సెల్లుల దుడ్లు మిగిలినాయి పో." జాకబ్ సెల్లులను స్క్రూడ్రైవరుతో పెరికి బయట పడేశాడు. "గడియారానికి చుక్క చుక్క తాగితే చాలు. సచ్చే సెల్లుతో కూడా ఏడాది తిరుగుతాది. దీంట్లో మోటరు ఉండాది. అది ఒక్క గుక్కలో తాగల్ల. బలం లేని సెల్లు లైటు ఎలిగిస్తాది, కూత కూస్తాది, గడియను మాత్రం లాగదు. జనం నంబరు తప్పనుకుని పెట్టెలు పగలగొట్టుకుంటారు. నా బతుకు గడిచేది వాళ్ల వల్లనే."

జయరాం కాళ్లు ఆగిపోయాయి. పొద్దుటి నుంచి ఆగడం అదే మొదలు.

"కూత అంటే... ఎట్ల కూస్తాది?"

"నంబరు తప్పయితే ఎర్ర లైటు, పొడుగ్గా ఒక కూత. నంబరు సరిగ్గా ఉండి సెల్లులో బలం లేదనుకో, పచ్చ లైటు ఎలిగి పొట్టివి మూడు కూతలు. పెట్టెతో ఇచ్చిన పుస్తకంలో రాసింటాది. ఎవరు సదువుతారు?"

"ఇంగోసారి చెప్పు."

జాకబ్ తలెత్తి చూశాడు. ఈసారి నవ్వకుండా చెప్పాడు.

నాయన ఉన్నప్పుడు పెట్టె ఆయనే తెరిచేవాడు, ఎవరినీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఆయన పోయాక పెట్టె తెరిచే ప్రతిసారీ ఆఖరి మూడంకెలు నొక్కేది నాగేశ్వర. జయరాం ముఖం గోడకు ఉండేది. పెట్టె తెరుచుకునేటప్పుడు ఏ రంగు లైటు వెలుగుతుందో అతను ఎన్నడూ చూసినవాడు కాదు. ఆంజినమ్మ మంచం మీద మూలుగుతున్న రోజే మొదటిసారి చూశాడు. నలభై సార్లు చూశాడు.

జాకబ్ సంచిలో నుంచి ఖరీదైన సెల్లులు తీసి వేశాడు. "ఊ, కానీయండి."

జయరాం తన మూడంకెలు నొక్కి పక్కకు జరిగాడు. ఒంటికి అలవాటు పోలేదు, గోడ వైపు తిరగబోయాడు.

"తిరగొద్దు," అన్నాడు నాగేశ్వర. "చూడు. ఆ పొద్దు ఏం చెప్తినో అదే నొక్కుతాండా. ఆరు. సున్నా. ఏడు."

పచ్చ లైటు వెలిగింది. లోపల మోటరు గుర్రుమంది. గడియ జరిగింది. జాకబ్ పిడి తిప్పితే తలుపు వచ్చేసింది.

లోపల నాయన పెట్టిన తాళంచెవి, ఎర్ర గుడ్డలో కట్టిన ఆంజినమ్మ గొలుసు, గాజులు, కింద దస్తావేజు. జయరాం దస్తావేజు మాత్రం తీశాడు. గుడ్డ మూటకు చెయ్యి తగలకుండా తీశాడు.

"అన్నా," అన్నాడు నాగేశ్వర. గొంతు పెంచలేదు. "ఆ పొద్దు ఏ లైటు వచ్చింది?"

ఆ రోజు ఈ గదిలో ఉన్నది ఇద్దరే. ఒకరు మట్టిలో ఉన్నారు. ఎర్రది వచ్చిందంటే అడిగేవాడు లేడు. తాళమే చెడిపోయిందనుకుంటారు. తప్పు ఎవరి మీదా పడదు.  జాకబ్ సామాన్లు సర్దుకునే నెపంతో అరుగు మీదికి పోయాడు.

"పచ్చది," అన్నాడు జయరాం.

నాగేశ్వర అన్న ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"మీ వదిన చూసింది," అన్నాడు జయరాం. ఇక ఆపుకోవడం అతని చేతిలో లేదు. "మంచం మీద నుంచి చెప్పింది. పచ్చది ఎలుగుతాంది కదా, పెట్టెలోనే ఏదో చెడింది, మరిది అట్ల చేసే మనిషి కాదు, అనింది. నేను నోరు ముయ్యమంటి. ఆటోలో కూడా అదే చెప్పబోయింది. అప్పుడు కూడా ముయ్యమంటి. మళ్లీ మాట్లాడలే."

బయట జాకబ్ సంచి జిప్పు లాగాడు.

"వదిన పాడె మోయనీలే నన్ను," అన్నాడు నాగేశ్వర. "ఊరందరి ముందర రొమ్ము మీద చెయ్యేసి నూకితివి. నా బిడ్డలకు గూడ దొంగ కొడుకులని పేరు పెడితివి. రెండేండ్లు ఈ మాట కడుపులో పెట్టుకుని తిరిగితివా?"

 జయరాం క్షమించమని అడగలేదు. తన తమ్ముడే అయినా, ఇంకెవడైనా, ఇలాంటిదాన్ని క్షమిస్తాడంటే జయరాంకు నమ్మకం లేదు. తానయితే క్షమించడు.

"కాగితం ఇయ్యి," అన్నాడు నాగేశ్వర. "నేను పోతా. నువ్వు రావద్దు. నీ పక్కన నిలబడల్లంటే నాకు ఇప్పుడు చేతకాదు."

జయరాం దస్తావేజు ఇచ్చాడు. రసీదు లేకుండా, సాక్షి లేకుండా, తమ్ముడి చేతికి ఒక కాగితం ఇవ్వడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. నాగేశ్వర బండి వీధి మలుపు తిరిగిపోయింది.

రావద్దన్నాడు. అయినా ఆ ఇంట్లో నిలబడడం జయరాం వల్ల కాలేదు. జాకబ్‌కు ఇవ్వాల్సింది ఇచ్చి, పై కండువా తల మీద వేసుకుని బయలుదేరాడు. పొలం రెండు మైళ్లు. రాళ్ల బాట. ఎండిన వేరుశనగ చేలు, గాలికి లేచే ఎర్రదుమ్ము. నడిచినంత సేపూ మూడు పొట్టి కూతలు చెవుల్లో వినిపిస్తూనే ఉన్నాయి. పరుగు లాంటి నడకతో కూడా అవి వెనకబడలేదు.

అతను చేరేసరికి కొలతలు అయిపోయాయి. పక్క పొలం వాడు ముఖం ముడుచుకుని తన గట్టు మీద నిలబడి ఉన్నాడు. బోరు ఇవతలికే వచ్చింది. సర్వేయరు గుంత తీయించి, హద్దు రాయి పట్టుకోవడానికి ఒక మనిషి రమ్మని అరుస్తున్నాడు. కూలివాళ్లు అవతలి కొసన ఉన్నారు.

జయరాం పోయి రాయి పట్టుకున్నాడు. ఎండకు కాలి అరచేతులు చురుక్కుమన్నాయి. వదలలేదు. నాగేశ్వర మోకాళ్ల మీద కూర్చుని గుంతలోకి మట్టి తోస్తున్నాడు. అన్న పాదాలు కనబడ్డాయి గాని తలెత్తలేదు.

"నిట్టనిలువుగా పట్టు," అన్నాడు. "వంగిపోతాంది."

జయరాం సరిగ్గా పట్టుకున్నాడు.