మాట్లాడని దుప్పటి

ఆ లాండ్రీలో రోజు నీళ్ల చప్పుడుతో మొదలయ్యేది. అందరికంటే ముందు పెద్దమ్మ వచ్చి తొట్టి మీద పంపు విప్పేది. ఆ వెనకే ఆమె తమ్ముడు వచ్చి మిషన్లను ఒక్కొక్కదాన్నీ తట్టి, తిట్టి, నడిపించేవాడు. కోడలు కౌంటరు దగ్గర మూటలు విప్పి, ఏ బట్ట ఎవరిదో తెలిసేలా మూలన రంగుదారంతో చిన్న గుర్తు కుట్టేది. పెరట్లోకి ఎండ వచ్చేసరికి మొదటి వాయి దుప్పట్లు దండేల మీదికి ఎక్కేవి. అప్పుడు రేడియో పెట్టేవాళ్లు, వీధి చివరిదాకా వినపడేంత గట్టిగా.

పాటల మీద మోజుతో కాదు. ఆ పెరట్లో ఆరేసిన దుప్పట్లు మాట్లాడతాయి. వాటి మీద పడుకున్నవాళ్లు నిద్రలో కలవరించినవీ, నిద్ర పట్టక గొణుక్కున్నవీ తడి ఉన్నంతసేపు మెల్లమెల్లగా బయటికొస్తాయి. తడి ఆరిపోతే ఇక చప్పుడుండదు. ఇది ఊరందరికీ తెలిసిన సంగతే. "నిన్న మా దుప్పటి ఏమైనా వాగిందా పెద్దమ్మా?" అని బట్టలు తీసుకోవడానికి వచ్చినవాళ్లు నవ్వుతూనే, కాస్త భయంగా అడిగేవాళ్లు. "మా రేడియో మోతలో మా మాటే మాకు వినపడదు, మీ దుప్పటి గోల ఎవడికి కావాలి?" అనేది పెద్దమ్మ. వాళ్ల నాన్న కాలం నుంచీ ఆ ఇంటికి ఒకటే కట్టడి. దండెం దగ్గర చెవిన పడ్డది గుమ్మం దాటకూడదు. అందుకే ఎన్ని కొత్త లాండ్రీలు వచ్చినా పరువున్నవాళ్లంతా, అంటే దాచుకోవలసినవి ఉన్నవాళ్లంతా, బట్టలు ఇక్కడికే పంపేవాళ్లు.

ఒకసారి తమ్ముడు ముచ్చటపడి బట్టలారబెట్టే మిషను తెచ్చాడు. కొత్త దంపతుల దుప్పటి, జడ్జిగారి దుప్పటి, వాళ్ల వీధి పాలవాడి దుప్పటి ఒకే డబ్బాలో గిరగిరా తిరుగుతూ ఒకరి మాటకి ఒకరు అడ్డమొస్తుంటే అతని తల ప్రాణం తోకకొచ్చింది. మర్నాడే తిరిగిచ్చేశాడు.

వారంలో బుధవారం నాడు ఆ లాండ్రీ ఎవరి దగ్గరా డబ్బు తీసుకోదు. ఆ రోజు ఏదో ఒక సంస్థ బట్టలు ఊరికే ఉతికిపెడతారు. ఇదీ నాన్న పెట్టిన పద్ధతే. చాలా ఏళ్లు ఒక వృద్ధాశ్రమానికి ఉతికారు. ఎవరో పుణ్యాత్ములు ఆశ్రమానికి సొంత మిషన్లు కొనిచ్చారు. దాంతో బుధవారం ఖాళీ అయింది. ఖాళీ అయిన బుధవారాన్ని ఎవరికివ్వాలన్నదే ఇప్పుడు ఇంట్లో గొడవ.

"ఇందులో ఆలోచించేదేముంది అత్తయ్యా? పిల్లల ఆసుపత్రికి ఇద్దాం. మన పాపని బతికించిన చోటు" అంది కోడలు.

"మనుషులకి అడగడానికి నోరుంది. కుక్కలకి ఎవరున్నారు? ఆ వీధికుక్కల ఆశ్రమం చూశావా అక్కా? గోనెపట్టాల మీద పడుకుంటున్నాయి" అన్నాడు తమ్ముడు. అతనికి దారిన పోయే ప్రతి కుక్కతోనూ చుట్టరికముంది.

మూడో మనిషి బయటి నుంచి వచ్చింది. నిలువనీడ లేని ఆడవాళ్లు తలదాచుకునే వసతిగృహానికి ఆవిడ వార్డెను. సన్నగా, ఎప్పుడూ ఎక్కడికో ఆలస్యమైనట్టుండే మనిషి. చిన్న మూట కౌంటరు మీద పెట్టి, నిలబడే చెప్పింది.

"పెద్దమ్మా, ఊరికే ఉతకమని అడగడానికే వచ్చాను. కానీ ఇంకో మాట కూడా ఉంది. మా దగ్గర ఒకావిడ ఉంది. ఎప్పుడూ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంటుందని అందరూ కిటికీ ఆవిడ అంటారు. వచ్చిన దగ్గర్నుంచీ నోరు విప్పలేదు. పేరు చెప్పనివాళ్లని నెల దాటి ఉంచుకోకూడదని మా రూలు. ఈ నెలాఖరుకి ఆవిణ్ణి పెద్దాసుపత్రికి పంపాలి. బయట గడియ పెట్టే వార్డు అది. అందులోకి వెళ్లినవాళ్లు తిరిగి రావడం నేను చూళ్లేదు. ఆవిడకి పిచ్చి లేదు పెద్దమ్మా. ఆవిడ దుప్పటికి పసుపు దారం కట్టాను. ఆరేసినప్పుడు పేరేమైనా వినిపిస్తే..."

"వినిపించదు. రేడియో ఉంటుంది" అంది పెద్దమ్మ.

"ఒక్కసారి కట్టేస్తే?"

"ఒక్కసారి కట్టేస్తే ఇంక ఇది లాండ్రీ కాదమ్మా. నువ్వు నిద్రలో అన్నమాట నేను విని, పోయి ఇంకొకరికి చెబితే నీకెలా ఉంటుంది?"

వార్డెను తల దించుకుంది. పెద్దమ్మ మూట మాత్రం తీసుకుంది. మూడు చోట్ల నుంచీ ఒక్కో మూట తెప్పించి, ఒకసారి ఉతికి చూసి, ఆ తర్వాత తేలుస్తానని అందరికీ చెప్పింది. పెద్దమ్మ తేలుస్తానందంటే తేల్చినట్టే. ఆవిడ జీవితంలో సందేహమంటూ వస్తే మరక మీదే వచ్చేది, దాన్ని రెండోసారి ఉతికేది.

ఆ బుధవారం పెరడు పెరడులా లేదు. పిల్లల ఆసుపత్రి దుప్పట్లు రేడియోని కూడా మింగేసి ఏడ్చాయి. అమ్మా అనీ, ఇంటికెళ్దామనీ, సూది వద్దనీ. కోడలు క్లిప్పు పెట్టబోయి పెట్టలేక గోడకానుకుని కళ్లు తుడుచుకుంది. పక్కింటివాళ్లు గోడ మీంచి చూస్తూ ముక్కులు చీదారు. కుక్కల ఆశ్రమం కంబళ్లు మొరిగాయి. వాటికి వీధిలో కుక్కలు జవాబిచ్చాయి. తమ్ముడు ఆనందం పట్టలేక మధ్యలో నిలబడి రెండు వైపులా సర్దిచెప్పాడు.

వసతిగృహం దుప్పట్లు మాత్రం కిమ్మనలేదు. పసుపు దారం దుప్పటీ అంతే, మిగతావీ అంతే. గాలికి ఊగాయి, ఆరాయి, అయిపోయింది.

"చూశావుగా అక్కా, వీళ్లు హాయిగా నిద్రపోతున్నారు. ఎక్కడ ఎక్కువ ఏడుపుంటే అక్కడికే మన సాయం. ఇక నా కుక్కల సంగతి నేను మాట్లాడను, పిల్లలకే ఇచ్చెయ్" అన్నాడు తమ్ముడు.

పెద్దమ్మ ఆ దుప్పటి మూల వేళ్లతో నలుపుతూ నిలబడింది. "హాయిగా నిద్రపోయేవాడి దుప్పటి కూడా ఏదో ఒకటి అంటుందిరా. నీది రోజూ గుర్రుపెడుతుంది. అసలేమీ అనని దుప్పటి నేను ఇంతవరకూ చూళ్లేదు. ఉతికిన నీళ్లు కూడా తేటగా ఉన్నాయి. ఒక్క వెంట్రుక తేలలేదు."

మర్నాడు కౌంటరు తమ్ముడికి వదిలి కోడల్ని వెంటబెట్టుకుని బయల్దేరింది. ముందు పిల్లల ఆసుపత్రి. అక్కడి నర్సు వాళ్లని గుర్తుపట్టి, పాప ఎలా ఉందని అడిగి, కింది అంతస్తుకి తీసుకెళ్లి చూపించింది. గది పొడవునా మిషన్లు. తమ్ముడు చూస్తే అసూయతో జ్వరం తెచ్చుకునేటంత పెద్దవి. రోజుకి రెండుసార్లు దుప్పట్లు మారుస్తారట.

"మరి మమ్మల్ని ఉతకమని ఎందుకడిగారమ్మా?" అంది పెద్దమ్మ.

"మేమెక్కడ అడిగాం? మీ కోడలే వచ్చి ఉతుకుతామంది. వద్దంటే నొచ్చుకుంటుందని మూట ఇచ్చాం" అంది నర్సు. కోడలు ముఖం ఎర్రబడింది. "నిజంగా మాకు కావలసింది ఏమిటంటే, వాళ్ల దగ్గర కాసేపు కూర్చుని కబుర్లు చెప్పేవాళ్లు. ఆ తీరిక మాకుండదు."

అక్కణ్ణుంచి వసతిగృహం. ఇరుకు వీధిలో రెండు మేడల మధ్య నొక్కేసినట్టున్న ఇల్లు. పెరడు లేదు. ఒక కుళాయి ఉంది, దాని పక్క గోడంతా చెమ్మ. పడుకునే గదిలో మంచాలు వరసగా, ప్రతి మంచం మీదా తెల్లటి దుప్పటి, ముడత లేకుండా. పెద్దమ్మ వాటిని చూసి మెచ్చుకోలేదు. ఆ నున్నదనం ఆవిడకి నచ్చలేదు. కిటికీ ఆవిడ కుర్చీలో కూర్చుని వీధిలోకి చూస్తోంది. వయసు కోడలి కంటే కొంచెం ఎక్కువ. పలకరిస్తే తలతిప్పి చూసింది, అంతే.

పక్క మంచం దగ్గర నేల మీద కూర్చుని ఒక ముసలావిడ చెప్పులు తుడుచుకుంటోంది. పెద్దమ్మ వెళ్లి ఆవిడ పక్కన కూర్చుంది. దుప్పట్లు ఇంత నున్నగా ఎలా ఉంచుతున్నారని అడిగింది.

"పడుకునే ముందు తీసేస్తాం కదమ్మా" అంది ముసలావిడ, అదేం ప్రశ్న అన్నట్టు. "మడత చెడకుండా తీసి బల్ల మీద పెట్టుకుంటాం. పొద్దున్నే మళ్లీ పరుస్తాం. ఇవి తప్ప ఇంకో జత లేదట, ఉతికితే ఈ చెమ్మలో వారమైనా ఆరవట. చేరిన రోజునే వార్డెనమ్మ జాగ్రత్తగా వాడుకోమంది. ఉత్త పరుపు మీదే పడుకుంటాం, అదేమో గుచ్చుకుంటుంది. ఆ కిటికీ పిల్లయితే పరుపు మీద కూడా పడుకోదు, రాత్రంతా ఆ కుర్చీలోనే. ఎవరెవరో పడుకున్న పరుపు మీద ఒళ్లు వాల్చబుద్ధి కాదేమో."

గుమ్మంలో నిలబడ్డ వార్డెను ఆ మాట వింది. సాయంత్రం ఇంటికి వెళ్లి పొద్దున్నే వచ్చే మనిషి ఆవిడ. ఎప్పుడు చూసినా పక్కలు చక్కగా ఉండటం చూసి మురిసిపోయింది. "జాగ్రత్తగా వాడుకోమన్నాను గానీ, వాడుకోవద్దనలేదే" అంది.

ఇంటికొచ్చాక పెద్దమ్మ తన నిర్ణయం చెప్పింది. కోడలు వెంటనే ఒప్పుకోలేదు.

"మరి మన పాపకి వాళ్లు చేసిన ఉపకారం అత్తయ్యా?"

"అది తీర్చుకో, వద్దన్నదెవరు? వాళ్లడిగింది ఇచ్చి తీర్చుకో. ఆదివారాలు వెళ్లి పిల్లలకి కబుర్లు చెప్పు. ఆ ఏడుపు నాకు మాత్రం వినపడలేదా? నా గుండె కూడా నీరైపోయింది. కానీ అది మన సబ్బుతో పోయే ఏడుపు కాదే పిల్లా. మనకున్నదేమిటి? నీళ్లు, ఎండ, దండెం. ఆ మూడూ లేని చోటు ఒకటి కనపడింది. ఇంక వెతకడమెందుకు?"

"మరి కుక్కలు?" అన్నాడు తమ్ముడు.

"చిరిగిన కంబళ్లన్నీ నీవే, తీసుకుపో. వాటికి మరకల పట్టింపు లేదు."

తమ్ముడు టీ తాగేదాకా అలిగి, ఆ తర్వాత కంబళ్లు ఏరుకున్నాడు.

ఎవరెవరో ఉతకడానికిచ్చి మళ్లీ తీసుకెళ్లని దుప్పట్లు ఏళ్ల తరబడి లాండ్రీ అటక మీద పేరుకుపోయి ఉన్నాయి. పెద్దమ్మ వాటన్నిటినీ దించి, ఉతికి, ఎండబెట్టి, రిక్షాలో వేసుకుని వసతిగృహానికి చేర్చింది. గది మధ్యలో గుట్టగా పోయించి ఆడవాళ్లందరినీ పిలిచింది.

"ఇవి మురికి చేయండి. మీరు మురికి చేయకపోతే బుధవారం నాకు పనుండదు. కప్పుకోండి, కాళ్లు తుడుచుకోండి, ఏడిస్తే ముక్కు చీదుకోండి. మడతపెట్టినట్టు కనపడితే మాత్రం ఊరుకోను."

వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. ముసలావిడ ముందు నవ్వింది.

తర్వాతి బుధవారం వసతిగృహం దుప్పట్లున్న దండెం కబుర్లతో హోరెత్తింది. తిట్లు, లాలిపాటలు, ఎవరివో లెక్కలు, ఎవరి పిల్లలవో పేర్లు. రేడియో గొంతు ఇంకా పెంచవలసి వచ్చింది. పసుపు దారం దుప్పటి మాత్రం మడత మడతలాగే వచ్చి, మూగగా ఆరి, తిరిగి వెళ్లింది. ఆ పై బుధవారమూ అంతే. నెలాఖరు దగ్గరపడింది. పెద్దాసుపత్రి బండి గురువారం పొద్దున వస్తుందని వార్డెను కబురు పంపింది.

బండి రావడానికి ముందు రోజు, మూట విప్పుతూ పెద్దమ్మ ఉన్నట్టుండి స్టూలు మీద కూర్చుండిపోయింది. పసుపు దారం దుప్పటి ఉండచుట్టుకుపోయి ఉంది. మధ్యలో ఒక మనిషి ముడుచుకుని పడుకున్నంత మేర నలిగిపోయింది.

దాన్ని మిషనులో వేయనివ్వలేదు. తన చేత్తోనే ఉతికి, తనే పిండి, తనే ఆరేసింది. క్లిప్పు పెట్టీపెట్టకముందే దుప్పటి మాట్లాడటం మొదలుపెట్టింది.

తమ్ముడి చెయ్యి రేడియో మీదికి పోయింది. "అక్కా, పేరొక్కటే విందాం. మిగతాది వద్దు. రేపు పట్టుకుపోతారు."

"అత్తయ్యా..." అంది కోడలు.

పెద్దమ్మకీ వినాలనే ఉంది. ఒక్క పేరు విని చెబితే ఒక మనిషి బయటపడుతుంది, ఎవరు తప్పుపడతారు? కానీ నోరు మూసుకుని కూర్చోవడమొక్కటే ఆ కిటికీ ఆవిడకి మిగిలిన ఆస్తి. దాన్ని ఆవిడ చేతిలోంచి లాక్కుని మేలు చేశామనుకోవడం పెద్దమ్మకి చేతకాలేదు. రేడియో గొంతు ఉన్నంత పైకి తిప్పింది. దుప్పటి దండెం మీంచి లాగి, నీళ్లు కారుతుండగానే బకెట్లో కుక్కి, పైన తడిగుడ్డ కప్పి వీధిలోకి పరుగు తీసింది.

చంకలో బకెట్టు గొణుగుతూనే ఉంది. అది తన చెవిన గానీ, దారిన పోయేవాళ్ల చెవిన గానీ పడకుండా పెద్దమ్మ గొంతెత్తి పాట అందుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ పాడింది అదే మొదలు. శ్రుతి ఒక వీధిలో, తాళం ఇంకో వీధిలో. సైకిళ్లు పక్కకి తప్పుకున్నాయి. ఎవరూ నవ్వలేదు. బకెట్టు చూసి విషయం అర్థం చేసుకుని, కొందరు తామూ గొంతు కలిపారు.

వసతిగృహం గదిలో కిటికీ ఊచకీ మంచం కోడుకీ తాడు కట్టి, కుర్చీకి ఎదురుగా దుప్పటి పరిచి ఆరేసింది. మిగతావాళ్లందర్నీ బయటికి పంపి, తనూ వచ్చి తలుపు చేరవేసి, దానికి వీపు ఆనించి నిలబడింది. పాట మాత్రం ఆపలేదు.

"ఏమంటోంది పెద్దమ్మా?" అంది వార్డెను చేతులు నలుపుకుంటూ.

పెద్దమ్మ తల అడ్డంగా ఊపి ఇంకా గట్టిగా పాడింది.

గొంతు బొంగురుపోయింది. ఎండ ఎదురు మేడ మీదికి పాకింది. లోపల తన గొంతు తనే వింటున్న మనిషి ఏం చేస్తోందో ఎవరికీ తెలియదు. ఒకసారి కుర్చీ జరిగిన చప్పుడైంది. పెద్దమ్మకి భయమేసింది, అయినా వెనక్కి తిరగలేదు.

వీపు వెనక తలుపు కదిలింది. కిటికీ ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. ఆరిన దుప్పటి భుజాల చుట్టూ కప్పుకుంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. పెద్దమ్మని పైనుంచి కిందికి చూసింది.

"ఇంక ఆపండి పెద్దమ్మా. మీరు చాలా ఘోరంగా పాడుతున్నారు" అంది.

పెద్దమ్మ పాట ఆపేసింది. కళ్లలోంచి నీళ్లు బొటబొటా రాలాయి.

కిటికీ ఆవిడ వార్డెను వైపు తిరిగింది. "రాసుకోండి" అని, తన పేరు చెప్పింది. వార్డెను చేతిలో కలం లేదు, కంగారుగా వెతుక్కుంటోంది. దాని కోసం ఆగకుండా, ఎవరూ అడగకుండానే, ఆవిడ తన పేరు ఇంకోసారి చెప్పింది.