లోపలి గడియ

మా సంఘం హాలుకు రెండు తలుపులు. వేదిక వెనక ఉన్నదాన్ని ఎప్పుడో మేకులు కొట్టి మూసేశారు. రెండోదానికి లోపలి వైపు ఇనప గడియ ఉంది. ఆ గడియ పెట్టించింది నేనే.

పన్నెండేళ్ళ కిందట మా వృక్షశాస్త్ర సంఘానికి నేను కార్యదర్శిని. అప్పుడూ ఒక బహిష్కరణ నడిచింది. ఒక దేశంలో ప్రభుత్వం యూనివర్సిటీల మీదికి సైన్యాన్ని తోలింది. ఆ దేశపు సంస్థలకు ఉత్తరాలు, నమూనాలు, వ్యాసాలు, ఏవీ పంపకూడదని తీర్మానించాం. తీర్మానం రాసిందీ నేనే. మూడు నెలలు తిరక్కుండా ఎవరో గీత దాటారని తెలిసింది. సభ పెట్టి ఒక్కొక్కర్నీ లేపి అడిగాను, ఉత్తరం పంపారా అని. అందరూ లేదన్నారు. పుట్టగొడుగుల మాస్టారు ఒక్కడే "పంపాను" అన్నాడు. పాత తేదీ వేసి పంపానని కూడా తనే చెప్పాడు. ఒక విద్యార్థి నమూనాలు అక్కడ చిక్కుకుపోయాయట.

ఆయన్ని సంఘంలోంచి తీసెయ్యాలన్నాను. చేతులెత్తమని అడిగే లోపల నా భార్య లేచింది. ఆయన దగ్గరే ఆమె పని నేర్చుకుంది. సంచీ భుజాన వేసుకుని బయటికి నడిచింది. ఆమె వెనకాల తొమ్మిది మంది. అరవై తలలు లేనిదే ఓటు చెల్లదు. సభ చెడింది.

మరుసటి నెల తొమ్మిదో నిబంధన తెచ్చాను. తలలు లెక్కపెట్టాక తలుపుకు గడియ పడాలి. ఓటు అయ్యాక ప్రతి సభ్యుడూ లేచి ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఆఖరి జవాబు వచ్చేదాకా గడియ తియ్యకూడదు. కొత్త సభ్యులు ముందు చెప్పాలి, పాతవాళ్ళు చివర. పెద్దల జవాబు విని చిన్నవాళ్ళు తమది దిద్దుకోకూడదని అలా రాశాను. ఆ రోజు నా తెలివికి నేనే మురిసిపోయాను. అదే సభలో పుట్టగొడుగుల మాస్టారి పేరు కొట్టేశాం.

నా భార్య ఆ సభకు రాలేదు. ఆ తరవాత ఏ సభకూ రాలేదు. మొదటి సభ అయిన రోజు నుంచి పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. పన్నెండో రోజు బట్టలు మడతపెడుతూ అంది.

"ఆ రోజు సభలోంచి లేచి ఎక్కడికెళ్ళానో అడగవేం?"

"చెప్తే వింటాను."

"చెప్పను. పొట్లం మీద రాశాను. కావాలంటే చూసుకో."

ఆమెది నాచు పని. రాళ్ళ మీద, చెట్ల బెరళ్ళ మీద పెరిగే నాచు గీకి తెచ్చి, ఆరబెట్టి, కాగితంలో మడిచి పెట్టేది. పొట్లం మీద తేదీ, చోటు, పక్కన ఎవరున్నారు, చివర ఒక గడిలో ఏదైనా విశేషం. నాలుగు వందల పొట్లాలు. డైరీ రాసే మనిషి కాదు, ఫొటోలు దిగే మనిషి కాదు. ఆమె చేతిరాత అంటూ ఉంటే ఆ పొట్లాల మీదే ఉంది.

చూసుకోలేదు. పొట్లాల అల్మారా నా మంచానికి మూడడుగుల దూరంలో ఉండేది. ఆరేళ్ళు దాని పక్కనే పడుకున్నాను. బతిమాలి చూపిస్తే చూద్దామనుకున్నాను. ఆమె బతిమాలలేదు. ఆరేళ్ళయ్యాక పొట్లాలన్నిటినీ మరో దేశంలో ఒక సంస్థకు పంపింది. నాచు పేర్లు తేల్చడంలో అక్కడి పెద్దావిడకు మించినవాళ్ళు లేరు. మరుసటి ఏడాది నా భార్య పోయింది. పొట్లాలు అక్కడే ఉండిపోయాయి.

ఇప్పుడు బహిష్కరించాలంటున్నది ఆ దేశాన్నే.

అక్కడి ప్రభుత్వం నలభై మంది అధ్యాపకుల్ని జైల్లో పెట్టింది. ఇద్దరు లోపలే చచ్చిపోయారు. పెద్దావిడ పనిచేసే సంస్థ డైరెక్టరు ప్రభుత్వాన్ని మెచ్చుకుంటూ పేపర్లో రాశాడు. అది నేనూ చదివాను. మా కుర్రవాళ్ళు అడుగుతున్నది న్యాయమే. కార్యవర్గం ఓటు తేలేదాకా ఆ దేశానికి ఉత్తరాలన్నీ ఆపేసింది. ఆపేసిన వారానికి పెద్దావిడ దగ్గర్నుంచి నాకు జాబు వచ్చింది. తాను పదవిలోంచి దిగిపోతున్నానని, పొట్లాలు భద్రంగా ఉన్నాయని, మా సంఘం ముద్రతో కోరితే పంపేస్తారని, తన తరవాత వాటి బాగోగులు చూసేవాళ్ళు లేరని.

సభ రోజు ఉదయం మెట్ల దగ్గర నా బావమరిది కాపు కాశాడు. అతనూ మా సంఘంలో సభ్యుడే. ఆ దేశం పిలిస్తే ఏటా వెళ్ళొచ్చే మనిషి. అక్క ఆసుపత్రిలో ఉన్న రెండు నెలల్లో ఒక్కసారి వచ్చాడు, అదీ దారిలో ఉందని. అతని వైపువాళ్ళు పది మంది మెట్ల మీదే నిలబడి ఉన్నారు.

"ఏం బావా, ఇస్త్రీ చొక్కా తొడిగావు? పెళ్ళిచూపులా?"

"జరుగు."

"ఉండవయ్యా. లోపల ఎంతమందో తెలుసా? యాభై తొమ్మిది. మేం లోపలికి పోం. నువ్వూ పోకు. కోరం లేదు, సభ లేదు, బహిష్కరణ లేదు. అక్క పొట్లాలు చక్కగా ఇంటికొస్తాయి. నువ్వు చెయ్యాల్సిందల్లా ఇక్కడ నిలబడ్డమే. అదీ కష్టమంటే కూర్చో, కుర్చీ తెప్పిస్తా."

"అక్క మీద ఇంత ప్రేమ ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు?"

"నీ దగ్గరే నేర్చుకున్నా బావా, దాచడం."

పక్క వరండాలోంచి కార్యదర్శి పిలిచింది.

కార్యదర్శి నా భార్య దగ్గర చదువుకున్న పిల్ల. కొండరాళ్ళ మీద గెంతుతుందని ఆమె పిచ్చుక అని పిలిచేది. ఇప్పుడు ముప్పై ఐదేళ్ళుంటాయి. తీర్మానం తెచ్చింది తనే, జైల్లో చచ్చిపోయిన ఇద్దర్లో ఒకరు తనతో కలిసి వ్యాసాలు రాసినవాడు. గదిలోకి వెళ్ళగానే సొరుగులోంచి కవరు తీసి నా చేతిలో పెట్టింది. సంఘం ముద్ర ఉంది. పొట్లాలు తిప్పి పంపమని కోరుతూ ఉత్తరం. నెల కిందటి తేదీ, ఉత్తరాలు ఆపెయ్యక ముందుది.

"ఏమిటిది?"

"రిజిస్టర్లో ఒక వరస ఖాళీ ఉంది మాస్టారూ. అందులో ఎక్కించేశాను."

"నీకు మతి పోయిందా? దీనికే ఒకాయన్ని—"

"తెలుసు. అమ్మ చెప్పారు." నా భార్యను అమ్మ అనేది. "మీరు లోపలికొచ్చినా, బయటే ఉండిపోయినా ఇది మీదే. ఓటు కోసం ఇవ్వట్లేదు."

"మరి ఎందుకిస్తున్నావు?"

"ఆ పొట్లాలన్నీ పెట్టెకెత్తింది నేను. అమ్మ సభలోంచి లేచెళ్ళిన రోజు పొట్లం కూడా."

"ఏం రాసుంది?"

"నేను చెప్తే ఏం బాగుంటుంది మాస్టారూ? మీకు రాసింది మీరే చదువుకోండి."

కవరు చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాను. తిరిగి చూస్తే కిటికీ అవతల, మెట్ల మీద, బావమరిది కళ్ళజోడు తుడుచుకుంటూ మావైపే చూస్తున్నాడు.

ఉత్తరం పుచ్చుకుని బయట నిలబడలేకపోయాను. నాకు ఎలాగూ పని అయిపోయింది కదా అని ఆ పిల్ల తీర్మానాన్ని చంపడం నా వల్ల కాలేదు. లోపలికి వెళ్ళి నాలుగో వరసలో కూర్చున్నాను. అరవై. నేను కూర్చోవడం చూసి బావమరిది తన పది మందినీ వెంటేసుకుని లోపలికి వచ్చాడు, సభ ఎలాగూ ఆగదు, వ్యతిరేకంగా ఓటైనా వేద్దామని. వచ్చి నా పక్క కుర్చీలోనే కూలబడ్డాడు.

తలలు లెక్కపెట్టారు. డెబ్భై ఒకటి. గడియ పడింది. ఆ చప్పుడు నాకు నచ్చే నేను ఇనుముతో చేయించాను.

రెండు గంటలు అరుచుకున్నారు. శాస్త్రానికి రాజకీయమేమిటన్నారు. జైల్లో ఉన్నవాళ్ళకు శాస్త్రమేమిటన్నారు. ఫ్యాన్లు రెండే తిరుగుతున్నాయి. వెనక వరసలో ఒక పెద్దమనిషి లేచాడు.

"అధ్యక్షా, నాకు షుగరు. ఒక్క నిమిషం గడియ తీయించండి."

"తొమ్మిదో నిబంధన ఒప్పుకోదండి."

"అది రాసినాయనకు షుగరు లేదు కాబోలు!"

హాలంతా నవ్వింది. "ఇప్పుడుంది" అన్నాను. ఇంకా నవ్వారు.

ఓటింగులో బహిష్కరణకు చెయ్యెత్తాను. చెయ్యెత్తితే జేబులో కవరు పైకి జరిగి పక్కటెముకకు గుచ్చుకుంది. నలభై నాలుగుకు ఇరవై ఏడు. తీర్మానం నెగ్గింది. నా ఒక్క చేతితో నెగ్గలేదు, ఓడేదీ కాదు.

అధ్యక్షుడు కళ్ళద్దాలు సవరించుకుని ప్రశ్న చదివాడు. నా వాక్యమే, ఒక్క అక్షరం మారలేదు. "బహిష్కరణలో ఉన్న దేశానికి నియమం తప్పి రాసిన ఉత్తరం మీ దగ్గర గాని, మీ ఎరుకలో గాని ఉన్నదా?"

కొత్తవాళ్ళతో మొదలైంది. లేదు. లేదు. లేదు. కొందరు సగం లేచి, కొందరు సెల్‌ఫోను చూసుకుంటూ. పిచ్చుక వంతు వచ్చింది. పూర్తిగా లేచి నిలబడింది.

"లేదు."

నావైపు చూడలేదు. అప్పుడు తెలిసింది నాకు, నేను ఎక్కడ కూర్చున్నానో. ఉన్నదని చెబితే ఇప్పుడు పోయేది నేనొక్కణ్ణే కాదు. ఆ పిల్ల ముందే అబద్ధం చెప్పేసింది. చిన్నవాళ్ళు ముందు చెప్పాలని రాసింది నేను. మధ్యలో లేచి వెళ్ళిపోకుండా గడియ పెట్టింది నేను. నా భార్య నడిచిన దారి అదొక్కటే ఉండేది, దాన్ని మూసింది నేను.

బావమరిది వంతు. తీరిగ్గా లేచాడు.

"నా దగ్గర లేదండి." వంగి నా చొక్కా మీద దారప్పోగు ఏదో తీస్తున్నట్టు జేబు మీద చెయ్యి వేశాడు. కవరు కిరకిరమంది. "నా ఎరుకలోనూ లేదు."

కూర్చుంటూ నా చెవిలో అన్నాడు. "ఇక కానివ్వు బావా."

ఒకటి తరవాత ఒకటి నా దాకా వచ్చింది. సభ్యుల్లో పాతవాణ్ణి నేనే, ఆఖరి జవాబు నాదే. తలుపు దగ్గర ఇద్దరు అప్పుడే సంచులు సర్దుకుని నిలబడ్డారు. నాకు పుట్టగొడుగుల మాస్టారు గుర్తొచ్చాడు. ఆ రోజు ఆయన లేచినప్పుడు చొక్కా గుండీ ఒకటి ఊడి ఉంది. "పంపాను" అన్నాడు. లేదంటే సరిపోయేది, ఎవరికీ తెలిసేది కాదు. అంతమందిలో నిజం చెప్పింది ఆయన ఒక్కడే అయ్యుండొచ్చు. నేను తీసేసింది ఆయన్నే.

"మాస్టారూ, మీరు" అన్నాడు అధ్యక్షుడు.

లేచాను.

"లేదు."

గడియ తీశారు. షుగరు పెద్దమనిషి అందరికంటే ముందు పరుగెత్తాడు.

పోస్టుపెట్టె వీధి మలుపులో ఉంది. చెల్లించాల్సింది చెల్లించేశాక వస్తువు వదులుకునేంత మంచివాణ్ణి కాదు. కవరు తీసి వేశాను. అడుగున పడ్డ చప్పుడు వినపడింది. చెయ్యి ఇంకా పెట్టె మీద ఉండగానే వెనక కారు ఆగింది.

"ఎక్కు బావా, దింపేస్తా."

ఆ కారు కొన్నప్పట్నుంచి ఎన్నిసార్లు పిలిచినా ఎక్కలేదు.

"నడుస్తాను."

"ఎక్కవయ్యా, మాట్లాడాలి. వచ్చే నెల కార్యవర్గం ఎన్నికలు కదా. ఆ పిల్ల మళ్ళీ నిలబడతానంటోంది. నువ్వు నా పేరు ప్రతిపాదిస్తే బాగుంటుందని మావాళ్ళంటున్నారు. నువ్వు చెప్పావంటే అందరూ వింటారు. నువ్వు అబద్ధమాడవని పేరు కదా!"

"ఆ పిల్ల జోలికి పోకు."

"నేనెందుకు పోతాను? నా ఎరుకలో ఏమీ లేదు. చెప్పాగా, అందరి ముందూ."

వీధిలో జనం సభ నుంచి గుంపుగా వస్తున్నారు. వాళ్ళలో పిచ్చుక ఉంది. నన్ను చూసి చిన్నగా తలూపింది, అంతా బాగైంది కదా అన్నట్టు. నేనూ ఊపాను.

కారెక్కాను. నేను తలుపు లాక్కునే లోపలే అతను తన వైపు నుంచి ఏదో నొక్కాడు. నాలుగు తలుపులకూ ఒక్కసారి గడియ పడింది.