చెల్లెలు తనకు కట్టుకున్న వెల

తన సరుకులో లోపం తానే చూపించేవాడు మూడు నెలల్లో కొట్టు మూస్తాడని బట్టల కొట్టు అన్నయ్య లెక్క. వెనకగదిలో మిషన్ కుట్టే చెల్లెలికి ఆ లెక్క ఎక్కదు. అత్తవారింట్లో పదేళ్లు విన్న "మొద్దు" అనే మాటను ఆమె పుట్టింటికి కూడా వెంట తెచ్చుకుంది.

ఆ ఉదయం హాస్టల్ నడిపే పెద్దావిడ వచ్చింది. ఏడాది పొడవునా కర్టెన్లు, దుప్పట్లు కుట్టే పని. అది దక్కితే చెల్లెలు ఒకరి మీద ఆధారపడక్కర్లేదు. పెద్దావిడ నమూనా కర్టెన్‌ను వెలుతురులో పెట్టి చూసి, "చెయ్యి భలే సాఫీగా ఉందమ్మా!" అంది.

చెల్లెలు చప్పున కర్టెన్ తిరగేసింది. "ఇదిగో, ఇక్కడ విప్పి మళ్లీ కుట్టానండీ. నేనొట్టి మొద్దుని. ఇంకెవరినైనా చూసుకోండి."

"ఊరుకోవే! హాస్యానికంటోందండీ," అన్నాడు అన్నయ్య కంగారుగా.

"హాస్యమేంటన్నయ్యా? రేపు పాడైతే మాట నీకొస్తుంది."

పెద్దావిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "కుట్టే మనిషికే నమ్మకం లేకపోతే నేనెలా ఇవ్వనయ్యా?" అంటూ సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

చెల్లెలు గండం గడిచినట్టు ఊపిరి పీల్చుకుంది. "చెప్పానా, నాకెవరిస్తారు?" అని మిషన్ ముందు కూర్చుంది.

కొనేవాళ్లు కాదంటే బతిమాలడం అన్నయ్యకు వెన్నతో పెట్టిన విద్య. ఇక్కడ కాదన్నది చెల్లెలే. ఎవరిని బతిమాలాలో తెలియక, గజం కర్ర పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు.