మర్యాదకిచ్చిన కార్డు

కుసుమకి మర్యాద ఎక్కువ. ఆ మాటకొస్తే ఉప్పలగుప్తం చుట్టుపక్కల అది ఎవరికి తక్కువ గనక! దారి అడిగినవాడికి దారి చెప్పి ఊరుకోరు. కూర్చోబెట్టి, మజ్జిగిచ్చి, మలుపు దాకా వెంట వెళ్ళి మరీ సాగనంపుతారు. కానీ గుమ్మంలోకి వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపడం ఇష్టం లేక తన ఆధార్ కార్డు తీసి ఇచ్చినది మాత్రం మండలం మొత్తానికి కుసుమ ఒక్కతే అయి ఉంటుంది.

కుసుమా, ఆమె భర్త చిన్నబ్బాయీ బుజ్జిబాబుగారి కొబ్బరితోటలో రేకుల ఇంట్లో ఉంటారు. చిన్నబ్బాయి చెట్లెక్కి కొబ్బరికాయల దింపు తీస్తాడు, తోటకి కాపలా కూడా అతనే. తోట ముందున్న డాబాలో బుజ్జిబాబుగారు, ఆయన భార్య జ్యోతిర్మయి, తల్లి అచ్చాయమ్మగారు ఉంటారు. రెండేళ్ళ కిందట డాబాలోవాళ్ళంతా రాజోలులో పెళ్ళికి వెళ్ళిన రోజున, కరెంటు మీటర్లకి ఆధార్ కలపాలంటూ ఒక ఉద్యోగి వచ్చాడు. మిట్టమధ్యాహ్నం, చొక్కా తడిసి ముద్దయిపోయింది. ఇవాళే ఆఖరి రోజని, ఊళ్ళో ఈ ఒక్క మీటరే మిగిలిందని, పై ఆఫీసరు చీవాట్లు పెడతాడని వాపోయాడు. కుసుమ బొండాం కొట్టించి ఇచ్చింది. తాగేసి అతనొక నిట్టూర్పు విడిచాడు. ఆ నిట్టూర్పు దగ్గరే పని చెడింది.

"అయ్యగారు లేకపోతే ఏవైందండి, మేం లేవా?" అంటూ లోపలికి వెళ్ళి తన కార్డు తెచ్చింది. యంత్రం మీద వేలు కూడా పెట్టింది. అతను దణ్ణం మీద దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. డాబాలోవాళ్ళు రాగానే చెప్పాలనుకుంది, మర్చిపోయింది. ఆ ఏడాదే రొయ్యల ప్లాంటులో పనికి కుదిరింది. ఇక ఆ కార్డు సంగతి ఎవరికి గుర్తుంటుంది?

గుర్తు పెట్టుకున్నది ప్రభుత్వం. బడికో కాలేజీకో వెళ్ళే పిల్లలున్న పేదింటి తల్లుల ఖాతాలో ఏడాదికి పదమూడు వేలు వేస్తామన్నారు, తల్లికి వందనం అని పేరు పెట్టారు. కుసుమ కూతురు సత్యశ్రీ అమలాపురంలో ఇంటర్ మొదటి ఏడాది పూర్తి చేసింది. నాలుగువందల డెబ్భైకి నాలుగువందల యాభై రెండు మార్కులు. ఆ మార్కులు చూసి కాలేజీవాళ్ళు మెచ్చుకున్నారు, మెచ్చుకుంటూనే పాత ఫీజు కట్టి రెండో ఏడాదికి రమ్మన్నారు. పథకం డబ్బు పడితే ఆ బాకీ తీరుతుంది. పడకపోతే సత్యశ్రీ తల్లితో పాటు రొయ్యలు వలవడానికి వెళ్ళాలి. ప్లాంటు సూపర్‌వైజరు ఇప్పటికే రెండుసార్లు అడిగాడు. సత్యశ్రీ పుస్తకాలన్నీ పెట్టెలో సర్దేసింది. అంతకన్నా ఏడ్చి ఉంటేనే కుసుమకి నయంగా ఉండేది.

జూన్‌లో ఊరి సచివాలయం గోడకి జాబితాలు అంటించారు. కుసుమ పేరు అనర్హుల జాబితాలో ఉంది. కారణం, నెలకి మూడువందల యూనిట్లు దాటిన కరెంటు వాడకం. కుసుమకి ముందు నవ్వొచ్చింది. రెండు బల్బులు, ఒక ఫ్యాను. ఆ ఫ్యానైనా కర్ర పెట్టి తిప్పితే గాని తిరగదు.

సచివాలయంలో ఆ పథకాల పని చూసే ప్రసన్న నిదానంగల పిల్ల. కంప్యూటర్లో వెతికి వెతికి, కుసుమ ఆధార్ మీద రెండు మీటర్లున్నాయని తేల్చింది. ఒకటి రేకుల ఇంటిది, రెండోది డాబాది. డాబాలో రెండు ఏసీలు, బోరు మోటారు. అప్పుడు గుర్తొచ్చింది కుసుమకి ఆ మధ్యాహ్నం, ఆ బొండాం, ఆ నిట్టూర్పు. తన మర్యాద మీద తనకే ఒళ్ళు మండింది.

సరిచేయడం కష్టమేమీ కాదంది ప్రసన్న. ఇల్లు ఎవరి పేర ఉందో ఆ మనిషి వచ్చి తన ఆధార్ కలిపించుకుంటే చాలు, ఇరవయ్యో తారీఖు ఆఖరు. డాబా అచ్చాయమ్మగారి పేర ఉంది. ఆ మాట చెప్పాక ప్రసన్న గొంతు తగ్గించింది.

"ఒక్క సంగతండీ కుసుమగారూ. ఆ మీటరు అచ్చాయమ్మగారి కార్డుకి వెళ్తే, ఆవిడ పింఛను ఆగిపోద్దండి."

అచ్చాయమ్మగారికి వితంతు పింఛను వస్తుంది, నెలకి నాలుగు వేలు. పొలాలు, రొయ్యల చెరువులు అన్నీ కొడుకు పేర ఉన్నాయి, ఆవిడకి రేషన్ కార్డు వేరు. అంత డాబాలో ఉన్నావిడకి పింఛనెందుకని ఊళ్ళో మూతులు విరిచేవాళ్ళు లేకపోలేదు. కానీ ఆ ఇంట్లో ఆవిడ చేతుల మీదుగా ఖర్చయ్యే డబ్బు అదొక్కటే అని కుసుమకి తెలుసు. ముక్కుపొడుం దగ్గర్నుంచి గుళ్ళో హుండీ దాకా కొడుకు ముందు చెయ్యి చాపకుండా గడుపుకునేది దాంతోనే. ఇప్పుడు వెళ్ళి ఏమని అడగాలి? మీ పింఛను మానుకోండి, నా కూతురు చదువుకోవాలి అనా?

నాలుగు రోజులు అడగలేకపోయింది. అయిదో రోజున బుజ్జిబాబుగారి దగ్గరికి వెళ్ళి, సగం మాటలు మింగేస్తూ ఉన్న సంగతి చెప్పింది. ఆయన కోప్పడలేదు. జ్యోతిర్మయి చేత కాఫీ ఇప్పించి, అంతా విని, "ఆయ్, చూద్దాం" అన్నారు. ఆ చుట్టుపక్కల కాదనే మాట ఎవరి నోటా రాదు, చూద్దాం అంటారు. అది కాదనడమేనని నిన్నగాక మొన్న పుట్టిన పిల్లకి కూడా తెలుసు. కాఫీ బాగుంది. కుసుమ గ్లాసు కడిగి బోర్లించి వచ్చేసింది.

పంతొమ్మిదో తారీఖు సాయంత్రం సత్యశ్రీ డాబాలోకి వెళ్ళింది. అచ్చాయమ్మగారి కళ్ళలో చుక్కల మందు వేయడం రోజూ ఆ పిల్ల పనే. కాలేజీ ఎప్పుడు తెరుస్తారే అని ఆవిడ మామూలుగా అడిగారు. సోమవారం నుంచి ప్లాంటుకి వెళ్తున్నానండి మామ్మగారూ అని ఆ పిల్ల కూడా మామూలుగానే చెప్పింది. ఎందుకని అడిగితే మాత్రం చెప్పలేదు. అచ్చాయమ్మగారు చుక్కలు పడ్డ కళ్ళు మూసుకునే కొడుకుని కేకేశారు.

ఇరవయ్యో తారీఖు పొద్దున్న, ఇంకేదైనా దారుందేమో కనుక్కుందామని కుసుమ సచివాలయానికి వెళ్ళింది. ఆమె వెళ్ళిన పావుగంటకి ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి బుజ్జిబాబుగారు దిగి, తల్లిని చెయ్యి పట్టుకుని దింపారు. ఆయన ఎటో చూస్తున్నారు. అచ్చాయమ్మగారు ఎటూ చూడకుండా తిన్నగా ప్రసన్న బల్ల ముందు కూర్చుని, సంచీలోంచి కార్డు తీసి పెట్టారు.

కుసుమ గబగబా ముందుకొచ్చి ఆ కార్డుకి చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దండి అమ్మగారూ. మీకు పింఛను ఆగిపోద్దండి."

"తెలుసు. వీడు చెప్పేడు," అన్నారు ఆవిడ. "రెండేళ్ళ కిందట కరెంటు బిల్లు చూసి మన వీధిలో నలుగురికి పింఛను ఆపేసేరు, గుర్తుందా? నాకు ఆగలేదు. నా మీద దేవుడికి దయనుకుని, అయినవిల్లి వినాయకుడి దగ్గరికెళ్ళి నూటొక్క కొబ్బరికాయ కొట్టించేను. ఆగకుండా చూసింది నీ కార్డని నిన్న తెలిసింది. రెండేళ్ళూ నేను తిన్నది నీ పేరు మీదమ్మా. ఇంక నీ పిల్లని తిననీ."

కుసుమ వినాయకుడికి పోటీగా నిలబడ్డం అదే మొదలు. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది.

ప్రసన్న వేలిముద్రల యంత్రం ముందుకు జరిపింది. అచ్చాయమ్మగారి వేలు పెట్టగానే పడింది. పాత కార్డు తీసేయడానికి కావలసిన కుసుమ వేలు మాత్రం పడలేదు. ఐసులో రొయ్యలు వలిచి వలిచి వేళ్ళు తెల్లగా నాని, గీతలు అరిగిపోయాయి. నాలుగుసార్లు పెట్టినా ఎర్ర లైటే వెలిగింది. అచ్చాయమ్మగారు ఆ చెయ్యి అందుకుని, ఒక్కొక్క వేలూ చూశారు. తోటలో పదిహేనేళ్ళుగా ఉంటున్నా ఆవిడ కుసుమ చెయ్యి పట్టుకున్నది ఎప్పుడూ లేదు. తన పట్టుచీర చెంగుతో ఆ బొటనవేలు తుడిచారు, ఒత్తి పట్టుకుని వెచ్చబెట్టారు, తనే తీసుకెళ్ళి యంత్రం మీద ఆనించారు. ఈసారి పచ్చ లైటు వెలిగింది.

"ఆ పిల్లకి ఈ చేతులు రానివ్వకు," అని మాత్రం అన్నారు.

జూలై రెండో వారంలో డబ్బు పడింది. బ్యాంకు నుంచి వచ్చిన మెసేజీని కుసుమ చదివించుకున్నది ముగ్గురి చేత, ఒక్కరు చదివితే నమ్మకం చిక్కక. మర్నాడే అమలాపురం వెళ్ళి ఫీజు కట్టేసింది. సత్యశ్రీ పెట్టెలోంచి పుస్తకాలు తీసి, అట్టలు మార్చి, ఆ సాయంత్రమే ఏదో లెక్క దగ్గర కూర్చుని అన్నానికి పిలిచినా రాలేదు. కుసుమ కోప్పడలేదు. ఆ పిల్ల వంచిన తలని చూస్తూ కంచం పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడిపోయింది.

ఆగస్టు ఒకటో తారీఖు, అచ్చాయమ్మగారికి పింఛను ఆగిన మొదటి నెల. ఒకటో తారీఖంటే సచివాలయంవాళ్ళు ఇంటింటికీ వచ్చి పింఛను ఇచ్చే రోజు. కుసుమ ప్లాంటు బస్సుకి బయలుదేరుతూ డాబా వైపు చూసింది. అచ్చాయమ్మగారు తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, వీధి అరుగు మీద కూర్చుని ఉన్నారు. ప్రసన్న పక్కింటికి వచ్చింది, ఎదురింటికి వెళ్ళింది, డాబా ముందు తల వంచుకుని ఒక నమస్కారం పెట్టి ముందుకు సాగిపోయింది. ఆవిడ కూడా నమస్కారం పెట్టారు. పెట్టి, అలాగే కూర్చుండిపోయారు.

కుసుమ వెళ్ళి అరుగు కింద నిలబడింది. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. నెలన్నరగా రోజూ అనుకుంటూనే ఉంది. చివరికి వంగి కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది.

"లే, లే. అవేవీ వద్దు," అన్నారు అచ్చాయమ్మగారు. వీధి వైపు చూస్తూ చిన్న గొంతుతో అన్నారు. "డబ్బుకి కాదే. ఆ సచివాలయం పిల్ల వచ్చి కూర్చుని, వేలిముద్ర వేయించుకుని, ఎలా ఉన్నారండీ అని అడిగి వెళ్ళేది. నెలంతా ఈ పొద్దుట కోసం చూసేదాన్ని. ఇవాళ ఏం తోచట్లేదు."

బస్సు హారన్ రెండుసార్లు మోగింది. కుసుమ వెళ్ళిపొమ్మని చెయ్యి ఊపింది. అరుగెక్కి ఆవిడ పక్కన కూర్చుంది.

"ఎలా ఉన్నారండీ అమ్మగారూ?" అని అడిగింది.

అచ్చాయమ్మగారు మోకాళ్ళ నొప్పి దగ్గర మొదలుపెట్టారు.