అచ్చు అరువు

ఊరికే ఇస్తానన్నవాడు నిజంగా ఊరికే ఇస్తాడా అన్న అనుమానం పాండురంగయ్యకు ఏళ్ల తరబడి ఉంది. అన్నదానం చేసి, తన పేరు దేవుడి పేరుకన్నా పెద్ద అక్షరాలతో రాయించుకునేవాళ్లను చూసినప్పుడల్లా ఆ ప్రశ్నే గుళ్లో స్వామిని అడిగేవాడు. స్వామి తేల్చి చెప్పలేదు.

ఇప్పుడా ప్రశ్న పెడనలోని వాళ్ల కలంకారీ అద్దకం షెడ్డుకే వచ్చింది. కూతురు గీతాంజలి గుడివాడ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. గుడ్డ మీద అచ్చు పక్కన అచ్చు పడినప్పుడు అతుకు తెలియకుండా డిజైన్ అమర్చే ప్రోగ్రాం ఒకటి రాసి, ఎవరైనా వాడుకోండి, మార్చుకోండి, నా పేరు మాత్రం ఉంచండి అని నాలుగేళ్ల కిందట నెట్‌లో పెట్టింది. ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ దాన్ని తన సరుకులో కలుపుకుంది. ఇప్పుడేమో, తాము ఓపెన్ సోర్సుకు మిత్రులమనీ, హక్కులు రాసిస్తే ఆ ప్రోగ్రాంను తామే పెంచి పోషిస్తామనీ మెయిల్ పంపింది. గీతాంజలి షెడ్డుకొచ్చి దాన్ని చదివి వినిపించింది.

"సొరా?" అంది తల్లి లక్ష్మమ్మ, రంగు పట్టడానికి నానేసిన గుడ్డను కరక్కాయ నీళ్లలోంచి తీసి పిండుతూ. "నాగాయలంక రేవులో చూశామే, అదేనా?"

"సొరచేప కాదమ్మా, సోర్సు. లోపలి రాతంతా అందరికీ తెరిచిపెట్టడం."

"నోరు తెరిచిందంటే సొరచేపే."

గీతాంజలి నవ్వింది కానీ దిగులు పోలేదు. "రాసిస్తే పదిమంది ఇంజనీర్లు దాని మీద పనిచేస్తారు నాన్నా. రేపు మనసు మారితే, ఇక ముందు వచ్చేదానికంతా తాళం వేసుకుంటారు. నిజంగా మిత్రులో కాదో ఎలా తెలుస్తుంది?"

పాండురంగయ్య చేతిలోని చెక్క అచ్చు పక్కన పెట్టాడు. "మనలో అచ్చు అరువు తీసుకున్నవాడు ఏం చేస్తాడే? రంగు కడిగి, అరిగిన మూల చెక్కించి తెచ్చిస్తాడు. కడక్కుండా ఇచ్చినవాడికి మళ్లీ అచ్చు పుట్టదు. వీళ్లు ఇన్నాళ్లు వాడారుగా, ఏమన్నా దిద్దారా?"

గీతాంజలి లాప్‌టాప్ తెరిచి వెతికింది. "దిద్దారు నాన్నా. అక్కడ పనిచేసే ఒకమ్మాయి చాలా తప్పులు సరిచేసి పంపింది. మంచి పనే. కంపెనీ మాత్రం తన సరుకులో నా పేరు ఎక్కడా వేయలేదు. అడిగితే జవాబే లేదు."

"అయితే ఆ అమ్మాయి మిత్రురాలే. కంపెనీ సంగతి ఇంకా తెలీదు."

"పెళ్లిచూపుల్లోనూ ఇంతేగా," అంది లక్ష్మమ్మ. "ఆడపడుచు మంచిదని తెలుస్తుంది, పిల్లాడి సంగతే తేలదు."

"అచ్చు అరువిస్తాం, అచ్చుల పెట్టె రాసివ్వం. అదే రాయి తల్లీ," అన్నాడు పాండురంగయ్య.

గీతాంజలి అలాగే రాసింది. వాడుకోండి, దిద్దండి, కలిసి పనిచేద్దాం, హక్కులు మాత్రం ఇవ్వను. ముందు నా పేరు వేయండి.

"ఇక మన గడప తొక్కరేమో," అంది మెయిల్ పంపాక.

"తొక్కకపోతే వాళ్లెలాంటివాళ్లో తెలిసిపోయినట్టేగా," అన్నాడు తండ్రి.

వారం దాటాక, తమ కొత్త సరుకు చూడమని కంపెనీ నుంచి జవాబొచ్చింది. ఆ అమ్మాయి మరికొన్ని తప్పులు సరిచేసి పంపింది. హక్కుల మాట కంపెనీ మళ్లీ ఎత్తలేదు. మిత్రులయ్యారో, మొహమాటపడ్డారో పాండురంగయ్యకు అంతుపట్టలేదు.

గీతాంజలి వాళ్ల కొత్త సరుకు తెరిచి, పనిచేసినవాళ్ల పేర్లుండే చివరి పేజీ చూపించింది. ఆయన కళ్లజోడు సర్దుకుని కూడబలుక్కుంటూ చదివాడు. ఇన్నాళ్లుగా బాకీ పడ్డ ఆ ఒక్క వరుసలో కూతురి పేరు, దాని పక్కనే పెడన పేరు ఉన్నాయి.