కాలువకు అడ్డంగా టాప్లిస్ దంపతులు

విల్ఫ్రెడ్ టాప్లిస్ రిటైరయ్యేదాకా డ్రైవింగ్ పరీక్షలు పెట్టే ఉద్యోగం చేశాడు. పక్క సీట్లో పెదవి విప్పకుండా కూర్చుని సగం జిల్లాని ఫెయిల్ చేశాడు. బండిని ముందుకీ వెనక్కీ నడిపి రోడ్డు మీద తిప్పుకోవడం రానివాళ్లంటే ఆయనకు ప్రత్యేకమైన జాలి. అలాంటి మనిషి, ఇల్లు అమ్మి, కాపురముండటానికి కొనుక్కున్న వెడల్పాటి పడవని ఓర్ల్స్కోట్ అనే ఊరి దగ్గర కాలువలో తిప్పబోయి అడ్డంగా ఇరికించేశాడు.

ఇరికించడమంటే అలా ఇలా కాదు. పడవలు తిప్పుకోవడానికే అక్కడ గట్టుని లోపలికి తవ్వి ఉంచారు. కాని అందులో ఏళ్ల తరబడి బురద పేరుకుపోయిన సంగతి విల్ఫ్రెడ్‌కు తెలియదు. పడవ ముక్కు ఈ గట్టు బురదలో దిగబడింది. వెనక భాగం ఆ గట్టు దుంగలకు ఆనుకుంది. ఇంజను ముందుకు వేస్తే ముక్కు ఇంకాస్త దిగింది, వెనక్కి వేస్తే దుంగలు మూలిగాయి.

భార్య మారియన్ వంటగది కిటికీలోంచి తల బయటపెట్టింది. "విల్ఫ్రెడ్, ఇందాకటి నుంచీ నాకు ఒకే ఆవు కనిపిస్తోంది."

"తిప్పుతున్నాను."

"దానికీ విసుగొచ్చినట్టుంది. పడుకుంది."

కాలువల కార్యాలయానికి ఫోన్ చేస్తే ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది. పడవని లాగే బండి వచ్చే వారం గాని దొరకదని, అప్పటిదాకా దయచేసి ఎక్కడికీ వెళ్లవద్దని చెప్పింది.

సాయంత్రం ముందు తలుపు ఎవరో తట్టారు. మారియన్ తలుపు తీస్తే ఓ ముసలాయన, పొట్టి కాళ్ల కుక్కతో నిలబడి ఉన్నాడు. పేరు ఆంబ్రోజ్ గడ్జ్.

"ఏమ్మా, ఇటునుంచి అటు పోవచ్చా?" అన్నాడు.

"ఎటు?"

"ఆ గట్టుకి. మా ఇల్లు అటే."

ఆమె ఏదో అనేలోపే ఆయన బూట్లు తుడుచుకుని, కుక్క కాళ్లు కూడా తుడిచి, హాలూ వంటగదీ దాటి, స్నానాలగది మలుపు తిరిగి, పడకగదిలోంచి వెనక మెట్లెక్కి ఆ గట్టు మీదికి దిగిపోయాడు. వెళుతూ వెళుతూ విల్ఫ్రెడ్ మంచం చక్కగా సర్ది ఉందని మెచ్చుకున్నాడు.

సంగతేమిటంటే ఆ ఊరు కాలువకు అటూ ఇటూ ఉంది. ఇళ్లూ చర్చీ ఒక గట్టున, దుకాణమూ పబ్బూ బస్సూ మరో గట్టున. మధ్యనున్న వంతెనని వసంతంలో ఓ లారీ గుద్దింది. అప్పటి నుంచీ వంతెనకు తాళం వేశారు. చుట్టు తిరిగి వెళ్లాలంటే ఆ నడకకే సగం పొద్దు పోయేది. ఇప్పుడు దేవుడు పంపినట్టు కాలువకు అడ్డంగా ఓ ఇనప ఇల్లు, రెండు వైపులా తలుపులతో.

మర్నాడు విల్ఫ్రెడ్ డ్రెస్సింగ్ గౌనులో టోస్టు తింటూ ఉంటే సంచులు పట్టుకున్న ఆడవాళ్లు, సైకిలు భుజాన వేసుకున్న పోస్టుమాను, చంకలో కోడిపెట్టని ఇరికించుకున్న పెద్దమనిషి వరసగా పోయారు. అందరూ గుడ్ మార్నింగ్ చెప్పారు. కోడిని పట్టుకున్నాయన మాత్రం ఆగి, ఆ మార్మలేడు జామ్ ఎక్కడ కొన్నారని అడిగాడు.

"ఇది మా ఇల్లు, మారియన్. నేను స్నానాలగదిలో ఉంటే బయట క్యూ కడుతున్నారు."

"నీ కోసం కాదులే. మలుపు దగ్గర ఒక్కరే పడతారు."

మూడు గంటలు గడిచేసరికి విల్ఫ్రెడ్‌కు ఓపిక నశించింది. అట్టముక్క మీద "ఎడమవైపు నడవండి" అని రాసి హాల్లో తగిలించాడు. దారి ఒక మనిషి వెడల్పే కాబట్టి ఎడమవైపు అంటే ఏమిటో ఎవరికీ అర్థం కాలేదు. దాంతో ఆయనే మలుపు దగ్గర నిలబడి ఒకరిని ఆపుతూ ఇంకొకరిని పంపుతూ ఉండిపోయాడు. భోజనానికి పిలిస్తే, రద్దీ తగ్గాక వస్తానన్నాడు.

ఆ మలుపు దగ్గరే, ఊళ్లో పబ్బు నడిపే బెరిల్ స్టాంక్ ఆయన్ను గుర్తుపట్టింది.

"టాప్లిస్ గారు కదూ? నన్ను వరసగా ఫెయిల్ చేశారు. ఆఖరిసారి బండి తిప్పుతుంటే చక్రం కాలిబాట అంచుకి తగిలిందని. తగిలిందంటే ముద్దు పెట్టుకున్నట్టు తగిలింది, అంతే. ఇక స్టీరింగు ముట్టుకోలేదు."

విల్ఫ్రెడ్ వెనకాల వస్తున్నవాళ్లని చెయ్యెత్తి ఆపాడు. బెరిల్ ముందు గుమ్మంలోంచి ఒక గట్టునీ, వెనక గుమ్మంలోంచి ఇంకో గట్టునీ తీరిగ్గా చూసింది.

"చాలా బాగుందండీ మీ పడవ," అని వెళ్లిపోయింది.

తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు. రోజూ వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆవిడ ఆ ఒక్క మాటే అనేది.

వారం చివర్లో చర్చి పాస్టరమ్మ కాన్‌స్టెన్స్ వచ్చింది. "చిన్న సాయం కావాలండీ. రేపు ప్రౌస్ గారిని చర్చికి తీసుకెళ్లాలి."

"తీసుకెళ్లండి. ఊరంతా వెళుతోందిగా," అన్నాడు విల్ఫ్రెడ్.

"ఆయన పోయారండీ. ఆసుపత్రి నుంచి పేటికని బస్సు గట్టుకే తెస్తారట."

విల్ఫ్రెడ్ మలుపు వంక చూశాడు.

మర్నాటికి రెండు రోజుల ముసురుతో కాలువ నిండుగా ఉంది. విల్ఫ్రెడ్ నల్ల టై కట్టుకుని వెనక మెట్ల దగ్గర నిలబడ్డాడు. శవపేటిక హాలు దాటింది, వంటగది దాటింది, స్నానాలగది మలుపులో బిగుసుకుపోయింది. మోసేవాళ్లు ముందుకు తోశారు, వెనక్కి లాగారు. స్నానాలగది తలుపు ఊడదీశారు. అయినా కదల్లేదు.

"కాస్త నిలబెడదామా?" అన్నాడు ఒకడు.

సోఫాలో కూర్చుని మారియన్ ఇచ్చిన టీ తాగుతున్న హెట్టీ ప్రౌస్, పోయినాయన భార్య, తల అడ్డంగా ఊపింది. "ఆయనకి నిలబడటం ఎప్పుడూ ఇష్టం లేదు నాయనా. పడుకోబెట్టే తీసుకెళ్లండి."

సరే, వెనక నుంచి లాగుదామని బలమున్నవాళ్లంతా పేటిక కింద నుంచి పాక్కుంటూ పడకగదిలోకి వెళ్లారు. అంతమంది బరువు ఒక్కసారిగా వెనక పడేసరికి పడవ ముందుభాగం లేచింది. బురద పెద్దగా చప్పరించిన చప్పుడైంది. మరుక్షణం గాలి పడవని రెండు గట్ల నుంచీ విడదీసి కాలువ వెంట పట్టుకుపోసాగింది.

చర్చి గట్టున బైబిలు పట్టుకుని నిలబడిన పాస్టరమ్మ నోరు తెరిచింది గాని ఇలాంటప్పుడు చదవాల్సిందేమిటో ఆవిడకు తోచలేదు. వెనక్కి మిగిలిపోయిన జనం రెండు గట్ల మీదా పడవతో సమానంగా నడవడం మొదలెట్టారు. ఏం చేయాలో తెలియక పాటల బృందం పాట ఎత్తుకుంది. విల్ఫ్రెడ్ చుక్కాని పట్టుకుని, జీవితంలో ఎన్నడూ లేనంత నెమ్మదిగా, పొలాల మధ్య నుంచి ప్రౌస్ గారిని చర్చి వెనకున్న పాత ఇటుకల రేవు దాకా తీసుకెళ్లాడు. పడవ ముక్కు రేవుకి ఆనగానే పేటికని వచ్చిన దారినే ముందు గుమ్మంలోంచి దించేశారు. మలుపు అవసరమే పడలేదు.

"పెళ్లికి కూడా ఇంత ఆలస్యంగానే వచ్చాడు," అంది హెట్టీ ఖాళీ కప్పు మారియన్ చేతికిస్తూ.

ఖననం అయ్యాక అందరూ చర్చి హాల్లో హాము శాండ్‌విచ్‌లు తిన్నారు. విల్ఫ్రెడ్‌కు తేలిగ్గా ఉంది. పడవ విడిపడింది, తెల్లారితే ప్రయాణం. అప్పుడు గమనించాడు, అందరూ కిటికీలోంచి కాలువ వంకే చూస్తున్నారని.

"మరి రేపు నేను పబ్బు ఎలా తెరవాలి?" అంది బెరిల్, ఎవరినీ చూడకుండా.

విల్ఫ్రెడ్ శాండ్‌విచ్ పళ్లెంలో పెట్టేశాడు. "మళ్లీ ఇరికిస్తాను," అన్నాడు.

మారియన్ ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు.

పొద్దున్నే ఊరంతా రెండు గట్ల మీదా చేరింది. విల్ఫ్రెడ్ మొదటిసారి ఇరికించిన రోజు చేసిన తప్పులన్నీ గుర్తు తెచ్చుకున్నాడు. అదే చోట, అదే వేగంతో, అంతే ఆలస్యంగా చుక్కాని తిప్పాడు. పడవ నిండు కాలువలో హాయిగా గుండ్రంగా తిరిగింది. ఏ గట్టునీ తాకలేదు. నీళ్లు కూడా పెద్దగా కదల్లేదు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"కంగారు పడకండి, ఇంకోసారి చూడండి," అని ఎవరో ధైర్యం చెప్పారు. ఇంకోసారి తిప్పాడు. ఈసారి ఇంకా అందంగా తిరిగింది. జనం మెల్లగా తలలు వంచుకుని చెదిరిపోసాగారు.

"పోనీలెండి, కావాలని చేసి ఉండరు," అని పోస్టుమాను గట్టుమీద ఎవరితోనో అనడం ఆయన చెవిన పడింది.

చెవులు ఎర్రబడి, విల్ఫ్రెడ్ పడవని అది ఎటు తిరిగి ఉంటే అటే పోనిచ్చాడు. ఊరు కనుమరుగైంది. రెండో వంపు దాటాక మారియన్ లోపలి నుంచి పిలిచింది. వెళ్లి చూస్తే వంటగది బల్ల దగ్గర ఆంబ్రోజ్ గడ్జ్, కాళ్ల దగ్గర కుక్క. తనే ముందు దాటాలని తెల్లవారుజామునే ఎక్కి కూర్చున్నాడట.

"మిమ్మల్ని ఎక్కడ దింపమంటారు?" అన్నాడు విల్ఫ్రెడ్ నీరసంగా.

"మీరెటు పోతున్నారు?"

"ఏమోనండీ. ముందుకి."

ఆంబ్రోజ్ కుక్కని ఒళ్లోకి తీసుకున్నాడు. "అటు నేను ఎప్పుడూ పోలేదు," అన్నాడు.

మారియన్ పెనంలోకి మూడో గుడ్డు కొట్టింది.